వట్టి మనిషి కాదంటారు, దెబ్బల సంగతి మాత్రం అడగరు

2015 జూలై 16న రాయ్‌పూర్‌లో దేశంలోనే మొట్టమొదటి ‘సఖి’ వన్ స్టాప్ సెంటర్ మొదలైంది. నిర్భయ నిధితో నడిచే ఈ కేంద్రాల ఉద్దేశం మంచిదే. ఇంట్లో దెబ్బలు తిన్న స్త్రీ పోలీస్ స్టేషన్‌కూ ఆస్పత్రికీ వకీలు ఇంటికీ విడివిడిగా తిరిగే పని లేకుండా వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, కౌన్సెలింగ్, తలదాచుకునే చోటు అన్నీ ఒకే కప్పు కింద దొరకాలని ఆలోచన. ఈ పదేళ్లలో దేశమంతటా ఇలాంటి కేంద్రాలు 700కు పైగా వచ్చాయి. మొదటిది మాత్రం ఛత్తీస్‌గఢ్ రాజధానిది.

ఈ పథకం ఒక షరతు మీద నిలబడి ఉంది. దెబ్బలు తిన్న స్త్రీ తానే గడప దాటి రావాలి, లేదంటే 181కి ఫోన్ చేయాలి. కడుపుతో ఉన్న స్త్రీకి ఆ షరతే పెద్ద అడ్డంకి. ఆమె ఒంట్లో బలం తక్కువ, చేతిలో డబ్బు తక్కువ. పుట్టబోయే బిడ్డకు తండ్రి పేరు ఏమవుతుందోనన్న భయం ఉంటుంది. కాన్పు ఖర్చు ఎవరు పెట్టుకుంటారన్న దిగులు ఉంటుంది. ఈ తొమ్మిది నెలల్లో ఇల్లు వదిలి వెళ్లడం కంటే ఓర్చుకోవడమే క్షేమమని చాలామంది లెక్క వేసుకుంటారు. ఆమె సఖి గడప తొక్కదు.

కానీ అదే మనిషి ఇంకో గడప తొక్కుతుంది. ప్రభుత్వ ప్రమాణం ప్రకారం ప్రతి గర్భిణికీ కనీసం నాలుగు పరీక్షలు జరగాలి. ప్రతి నెలా 9న ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ఆస్పత్రుల్లో ప్రత్యేకంగా చూస్తారు. బరువు తూస్తారు, బీపీ చూస్తారు, రక్తంలో హిమోగ్లోబిన్ చూస్తారు, మూత్రం పరీక్షిస్తారు, టీకా వేస్తారు, పొట్ట మీద చెయ్యి పెట్టి బిడ్డ ఎదుగుదల చూస్తారు. ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా అని మాత్రం అడగరు. తల్లీబిడ్డల రక్షణ కార్డులో అన్నిటికీ గడులున్నాయి, దీనికి లేదు.

నా వాదన ఇంతే. ఒక స్త్రీని రాజ్యం తనంతట తాను పిలిచి, పేరు రాసుకుని, పదేపదే కలిసే సందర్భం ఆమె జీవితంలో ఇంచుమించు ఇదొక్కటే. ఆ సందర్భంలో ఈ ప్రశ్న అడగకపోవడం మర్చిపోవడం కాదు. అది ఒక ఎంపిక. ఆ ఎంపిక వెనక పితృస్వామ్యం ఉంది, కులమూ ఉంది.

ముందు అంకెలు చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 18 నుంచి 49 ఏళ్ల వివాహిత స్త్రీలలో 29.3 శాతం మంది భర్త చేతిలో హింసకు గురయ్యారు. ఏదో ఒక గర్భం సమయంలో శారీరక హింసకు గురయ్యామని చెప్పినవారు 3.1 శాతం. అంతకుముందు సర్వేలో ఇది 3.9. చూస్తే చిన్న అంకె. కడుపుతో ఉంటే మన దేశంలో మగవాళ్లు చెయ్యి దించుతారనుకోవచ్చు. అలా అనుకునే ముందు అదే సర్వేలోని ఇంకో అంకె చదవాలి. హింసకు గురైన స్త్రీలలో 77 శాతం మంది ఎవరి సాయమూ కోరలేదు, ఎవరితోనూ చెప్పనూ లేదు. సాయం కోరినవారు 14 శాతం మంది.

ముంబైలో సెహత్ సంస్థ, మున్సిపల్ కార్పొరేషన్ కలిసి 2000-01 ప్రాంతంలో బాంద్రాలోని భాభా ఆస్పత్రిలో ‘దిలాసా’ అనే కేంద్రం పెట్టాయి. తర్వాతి కాలంలో ముంబై ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణుల పరీక్షకు వచ్చిన దాదాపు 2,500 మందిని శిక్షణ పొందినవాళ్లు విడిగా కూర్చోబెట్టి అడిగారు. సుమారు 16 శాతం మంది ప్రస్తుత గర్భంలోనే హింస ఎదుర్కొంటున్నామని చెప్పారు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి పోల్చలేం. సర్వే అడిగింది శారీరక హింస గురించి, ముంబైలో అడిగింది అన్ని రకాల గృహహింస గురించి. ఒకటి దేశమంతటిదీ, ఇంకోటి ఒక నగరానిదీ. కానీ ఒక సంగతి తేలిపోయింది. నమ్మకంగా, ఏకాంతంగా, సాయం చేయగల మనిషి అడిగితే స్త్రీలు చెబుతారు. ‘మన ఆడవాళ్లు ఇవన్నీ బయటికి చెప్పుకోరండీ’ అనేది అడగనివాళ్లు తమకు తాము చెప్పుకునే సాకు.

ఇది వైద్యానికి సంబంధం లేని కుటుంబ విషయం అనే డాక్టర్లున్నారు. పొట్ట మీద దెబ్బ తగిలితే మాయ గర్భసంచి నుంచి ముందే విడిపోవచ్చు, గర్భస్రావం కావచ్చు, నెలలు నిండకుండా కాన్పు రావచ్చు. నిత్యం భయంలో బతికే తల్లి బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం ఎక్కువ. కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు ఎక్కువ. ఇవన్నీ వైద్యశాస్త్రం ఏనాడో ఒప్పుకున్నవే. తీవ్రమైన రక్తహీనత, రక్తపోటు, మధుమేహం ఉంటే కార్డు మీద ‘హై రిస్క్’ అని ఎర్ర స్టిక్కర్ వేస్తారు. రక్తహీనతకు ఇనుము మాత్రలు ఇస్తారు. ఆ ఇంట్లో ఆమె అందరి తర్వాత మిగిలింది తింటోందా, అలిగిన అత్త అన్నం పెట్టడం మానేసిందా, పరీక్షకు రానివ్వకుండా మొగుడు బస్సు డబ్బులు లాక్కున్నాడా అని అడగరు. ఎర్ర స్టిక్కర్‌కు కారణం ఇంట్లోనే ఉన్నా మనం మాత్రల దగ్గరే ఆగిపోతాం.

లెక్కల్లో ఇంకో చీకటి మూల ఉంది. 2018-20లో లక్ష జననాలకు దేశంలో 97 మంది తల్లులు చనిపోతే ఛత్తీస్‌గఢ్‌లో 137 మంది చనిపోయారు. తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. ఈ అంకెలు పెట్టుకుని మనం గర్వపడుతుంటాం, సిగ్గుపడుతుంటాం. కానీ ‘మాతృ మరణం’ అనే నిర్వచనమే గర్భంతో సంబంధం లేని ప్రమాదవశాత్తు, యాదృచ్ఛిక కారణాలను బయట పెడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో ఇచ్చిన వర్గీకరణ గర్భిణి ఆత్మహత్యను మాతృ మరణంగా లెక్కించమంది. ఇతరుల చేతిలో హత్యకు గురైతే అది యాదృచ్ఛికమే. ఏడో నెలలో రక్తస్రావంతో పోతే ఆమె 137లో ఒకరు. అదే నెలలో భర్త చేతిలో పోతే ఆ లెక్కలో ఆమె లేదు. కట్నం కోసమో, మగబిడ్డ కోసమో, అనుమానంతోనో చంపిన చావుకు గర్భంతో సంబంధం లేదని ఎవరు నిర్ణయించారు?

తెలుగులో కడుపుతో ఉన్న స్త్రీని ‘వట్టి మనిషి కాదు’ అంటాం. బరువులెత్తనివ్వం, సీమంతం చేస్తాం. ఛత్తీస్‌గఢ్‌లో ఏడో నెలలో పుట్టింటివాళ్లు రకరకాల వంటకాలు తెచ్చి ‘సధౌరీ’ చేస్తారు. రాష్ట్రాన్నే ‘ఛత్తీస్‌గఢ్ మహతారీ’ అని తల్లిగా కొలుస్తారు. గర్భిణులను ఆస్పత్రికి చేర్చే బండి పేరు మహతారీ ఎక్స్‌ప్రెస్. 2024 మార్చి నుంచి వివాహిత స్త్రీలకు నెలకు 1,000 రూపాయలిచ్చే పథకం పేరు మహతారీ వందన్. ఇంత గౌరవం ఉన్నచోట కూడా హింస ఎలా సాగుతోంది? ఆ గౌరవం మోస్తున్నదానికే తప్ప మోస్తున్న మనిషికి కాదు గనక. ‘వట్టి మనిషి కాదు, కొట్టకు’ అనే మాటలో వట్టి మనిషిని కొట్టొచ్చనే అనుమతి దాగి ఉంది. ఆ అనుమతి ఉన్న ఇంట్లో గర్భం రక్షణ కాదు, మహా అయితే వాయిదా. కడుపులో ఉన్నది ఆడపిల్లేమోనన్న అనుమానం వచ్చిన రోజున ఆ వాయిదా కూడా ఉండదు. ఛత్తీస్‌గఢ్‌ను వేలెత్తి చూపించే ముందు మన సంగతి గుర్తుంచుకోవాలి. భర్త భార్యను కొట్టడానికి ఏదో ఒక సమర్థనీయమైన కారణం ఉంటుందని అదే సర్వేలో తెలంగాణ స్త్రీలలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 83.6 శాతం మంది ఒప్పుకున్నారు. దేశంలో పై వరుసలో ఉన్నది మనమే.

చట్టం ఈ విషయంలో సమాజం కంటే ముందుంది. 2005 గృహహింస చట్టం బిడ్డ పుట్టలేదనో, మగబిడ్డ పుట్టలేదనో అవమానించడాన్ని కూడా హింసే అంది. భర్త ఒక్కడే కాదు, ఒకే ఇంట్లో ఉన్న అత్తింటివాళ్లు, పుట్టింటివాళ్లు కూడా దాని పరిధిలోకి వస్తారు. ఆ చట్టం కింద 2006లో వచ్చిన నియమాల్లో 17వది ఆస్పత్రుల గురించే. గృహహింస నివేదిక లేదని వైద్యం నిరాకరించకూడదు. అప్పటిదాకా ఎవరూ నివేదిక రాయకపోతే ఆస్పత్రి బాధ్యుడే ఆ ఫారం నింపి రక్షణాధికారికి పంపాలి. అంటే డాక్టరు ఈ చట్టంలో ప్రేక్షకుడు కాదు. ఎంతమంది వైద్య విద్యార్థులు ఆ ఫారం చూసి ఉంటారు? ప్రసూతి విభాగం గోడ మీద రక్షణాధికారి ఫోన్ నంబర్ ఎన్ని ఆస్పత్రుల్లో కనిపిస్తుంది?

ఒకచోట చట్టమే ముఖం చాటేస్తుంది. పద్దెనిమిదేళ్లు దాటిన భార్య మీద భర్త చేసే లైంగిక దాడిని భారతీయ న్యాయ సంహిత కూడా అత్యాచారం అనడం లేదు. గర్భం చివరి నెలల్లో బలవంతం భరించే స్త్రీ దాన్ని అత్యాచారం పేరుతో ఫిర్యాదు చేయలేదు. 2025 ఫిబ్రవరిలో ఛత్తీస్‌గఢ్ హైకోర్టు, భర్త లైంగిక దాడి తర్వాత భార్య చనిపోయిందన్న కేసులో ఈ మినహాయింపు ఆధారంగానే అతన్ని విడుదల చేసింది. సుప్రీంకోర్టు 2022 సెప్టెంబర్ 29న గర్భవిచ్ఛిత్తి చట్టం వరకు వైవాహిక అత్యాచారాన్ని గుర్తించింది. వద్దనుకున్న గర్భం తీయించుకోవడానికి అది కారణంగా చెల్లుతుంది, శిక్షకు చెల్లదు.

ఇక కులం. హింస ఏ ఒక్క కులం సొత్తూ కాదు. అయినా సర్వేల్లో దళిత, ఆదివాసీ స్త్రీలలో ఈ శాతం ఎక్కువగా కనిపిస్తుంది. దీన్ని అగ్రకుల సమాజం తనకు అనుకూలంగా చదువుకుంది: ‘వాళ్లలో తాగి కొట్టడం మామూలే’. నర్సు గాయం చూసినా ఏమీ అడగకపోవడం వెనక ఈ ‘మామూలే’ ఉంటుంది. మద్యం పాత్ర నిజమే. తరచూ తాగే భర్తలున్న స్త్రీలలో సుమారు 70 శాతం మంది హింసను ఎదుర్కొన్నారు. కానీ భర్త అసలు తాగని ఇళ్లలోనూ అయిదుగురిలో ఒకరికి పైగా దెబ్బలు తిన్నారు. సారా దుకాణం మూస్తే సగం సమస్య తీరొచ్చు, మిగతా సగం మద్యం ముట్టని ఇళ్లలోనే ఉంది. భూమి లేక, రోజుకూలి మీద బతుకుతూ, ఇటుక బట్టీలకు వలసపోతూ, ఊరికి దూరంగా విసిరేసిన వాడలో ఉండే స్త్రీకి తప్పించుకునే దారులు తక్కువ. మేడల్లో ఉండే స్త్రీ దెబ్బ బయటికి వినబడదు, ఆమెకు ప్రైవేటు డాక్టరుంటాడు. వాడలో దెబ్బ అందరికీ వినబడుతుంది, ఎవరూ పట్టించుకోరు.

మనలోనూ ఒక మౌనం ఉంది. ఇంటి హింస గురించి మాట్లాడితే కులానికి చెడ్డపేరు వస్తుందనీ, ఉద్యమం చీలిపోతుందనీ మన సభల్లో వినబడే మాటే. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో ‘నల్లపొద్దు’ సంకలనం వచ్చేనాటికే దళిత స్త్రీలు ఊరి పెత్తనంతోపాటు ఇంటి పెత్తనాన్నీ రాశారు. వాళ్లు ఉద్యమాన్ని చీల్చలేదు, పెద్దది చేశారు.

ఇదే రాష్ట్రంలో దళిత, ఆదివాసీ స్త్రీల గర్భసంచిని రాజ్యం వెతుక్కుంటూ వచ్చిన సందర్భమూ ఉంది. 2014 నవంబర్‌లో బిలాస్‌పూర్ జిల్లాలో ఒక్క శిబిరంలో కొన్ని గంటల్లో 83 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఆనాటి శిబిరాల తర్వాత 13 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది దళిత, ఆదివాసీ, బీసీ స్త్రీలు. లక్ష్యం ఉంటే మారుమూల ఊరికి కూడా బండి పంపగల వ్యవస్థకు, ఇంట్లో కొడుతున్నారా అని అడగడానికి మాత్రం తీరిక లేదంటే నమ్మాలా?

గర్భిణి మీద హింస భర్త నుంచే రావాలని లేదు. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో గర్భిణి అయిన భార్యను ఆస్పత్రిలో చూపించి బయటికి వస్తున్న ప్రణయ్‌ని ఆమె కళ్ల ముందే నరికి చంపారు. చంపించింది ఆమె తండ్రే. దళితుడి బిడ్డ తన కూతురి కడుపులో పెరగడమే అక్కడ నేరం. నల్గొండ కోర్టు 2025 మార్చిలో ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. తొలి కాన్పుకు పుట్టింటికి పంపడం మన ఆచారం. ఎందరో స్త్రీలకు అత్తింటి దెబ్బల నుంచి దొరికే రెండు మూడు నెలల విరామం అదే. కులాంతర వివాహం చేసుకున్న స్త్రీకి ఆ విరామం ఉండదు, పుట్టిల్లే ప్రమాదం కావచ్చు. ఆమెకు ప్రభుత్వ ఆస్పత్రి తప్ప ఇంకో గడప లేదు.

ఈ సంగతి మనవాళ్లకు కొత్తదేమీ కాదు. 1863లో జోతిరావు, సావిత్రీబాయి ఫూలేలు పుణేలో గర్భిణులైన వితంతువుల కోసం ఆశ్రయం తెరిచారు. 1868 ఆగస్టులో జోతిరావుకు రాసిన ఉత్తరంలో సావిత్రీబాయి ఒక ఘటన చెప్పింది. బ్రాహ్మణ యువకుడితో ప్రేమలో పడి గర్భవతి అయిన మహర్ యువతినీ, అతన్నీ ఊరివాళ్లు చంపబోతుంటే ఆమె పరుగున వెళ్లి అడ్డుపడి, ఇద్దరినీ కాపాడి జోతిరావు దగ్గరికి పంపింది. ఫిర్యాదు వచ్చేదాకా ఆమె ఆగలేదు. మనకు కావాల్సిన ప్రజారోగ్యం ఇలా ఎదురెళ్లేదే.

రాయ్‌పూర్‌కు ఈ పని చేయగల బలం ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో 2002లోనే ‘మితానిన్’ కార్యక్రమం మొదలైంది. దేశమంతటా ఆశా కార్యకర్తలు రావడానికి మూడేళ్ల ముందే ఇక్కడ మితానిన్‌ల పని మొదలైంది. మితానిన్ అంటే స్నేహితురాలు, సఖి అన్నా అదే. సులక్షణా నంది, హెలెన్ ష్నైడర్ 2014లో ప్రచురించిన అధ్యయనం మితానిన్‌లు తమకు చెప్పిన పనులకు మించి పోషకాహార లోపం మీద, స్త్రీల మీద హింస మీద ఊరిని కూడగట్టిన తీరును నమోదు చేసింది. అంటే అడగడం తెలిసినవాళ్లు ఇక్కడే ఉన్నారు. వాళ్లకు సరైన జీతం లేదు, వచ్చేది ఎక్కువగా పనిని బట్టి ఇచ్చే ప్రోత్సాహకమే. దెబ్బలు కొట్టే మగవాడున్న వీధిలోనే వాళ్లూ బతకాలి. కాబట్టి ఈ బాధ్యతను ఇంకో ఉచిత చాకిరీగా వాళ్ల నెత్తిన పెట్టకూడదు. జీతమూ రక్షణా ఇచ్చి పెట్టాలి.

అడగడం వల్ల ఆమెకే ప్రమాదం కదా అనే అభ్యంతరం గట్టిదే. అత్త పక్కన నిలబడి ఉండగా అడిగితే ఆ రాత్రి ఆమెకు ఇంకో నాలుగు దెబ్బలు పడతాయి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో గానీ, 2016 గర్భిణి సంరక్షణ సిఫారసుల్లో గానీ అందరినీ గుడ్డిగా అడగమనలేదు. ఏకాంతం, శిక్షణ, తర్వాత పంపించడానికి ఒక చోటు ఉన్నప్పుడు, హింస వల్ల వచ్చిన లేదా ముదిరిన లక్షణాలు కనిపించినప్పుడు గర్భిణి పరీక్షల్లో అడగడాన్ని గట్టిగా పరిశీలించమంది. ఈ షరతులు అడగకపోవడానికి సాకులు కావు, చేయాల్సిన పనుల జాబితా. పరీక్ష గదిలో కొంతసేపైనా గర్భిణి ఒంటరిగా ఉండే నియమం పెట్టాలి. ఏఎన్‌ఎంలకూ నర్సులకూ వైద్య విద్యార్థులకూ గృహహింస ఫారం నింపడం నేర్పాలి. ఆమె చెప్పింది ఇంటికి తీసుకెళ్లే కార్డు మీద కాకుండా ఆస్పత్రి రికార్డులోనే ఉండాలి. హింసను ఎర్ర స్టిక్కర్ కారణాల్లో చేర్చాలి గానీ, ఏ కారణంతో వేశారో కార్డు చూసినవాళ్లకు తెలియకూడదు. ఏం చేయాలన్నది ఆమే నిర్ణయించుకోవాలి, ఆమెకు ఇష్టం లేకుండా భర్తను పిలిపించి ‘రాజీ’ చేయకూడదు. గర్భిణుల హత్యలనూ ఆత్మహత్యలనూ మాతృ మరణ సమీక్షలో విధిగా చర్చించాలి.

సఖి నియమాలూ మారాలి. అక్కడ తాత్కాలిక బస అయిదు రోజులు. ఆరో నెల గర్భిణికి అయిదు రోజులు దేనికి సరిపోతాయి? కాన్పు అయి, బాలింత కోలుకునేదాకా ఉండే చోటు, ఆ తర్వాత బతకడానికి ఒక పని చూపించే ఏర్పాటు కావాలి. సఖి కేంద్రం ఆస్పత్రిలో గానీ, రెండు కిలోమీటర్ల లోపు గానీ ఉండాలని మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఆ రెండు కిలోమీటర్లూ ఆమె ఒంటరిగా నడవకుండా చూడటమే ఇక మిగిలింది.

బాబాసాహెబ్ 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లును సమర్థిస్తూ, కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశ ప్రయోజనమనీ, ఆ ఖర్చులో ప్రభుత్వానికీ బాధ్యత ఉందనీ వాదించాడు. గర్భం ఇంటి గుట్టు కాదు, రాజ్యం బాధ్యత అని అప్పుడే చెప్పాడు. 1942 జూలైలో నాగ్‌పూర్‌లో అణగారిన వర్గాల మహిళల సభ జరిగినప్పుడు రాయ్‌పూర్ కూడా నాగ్‌పూర్ రాజధానిగా ఉన్న సెంట్రల్ ప్రావిన్సెస్‌లోనే ఉంది. భార్య భర్తకు స్నేహితురాలిగా, సమానురాలిగా నిలబడాలనీ బానిసగా ఉండొద్దనీ ఆయన ఆ సభలో చెప్పాడు. స్నేహితురాలన్న మాటతో ఆ ప్రాంతంలోనే ఇప్పుడు రెండు ప్రభుత్వ పథకాలు నడుస్తున్నాయి.

రాయ్‌పూర్‌లోని పెద్ద ప్రభుత్వ ఆస్పత్రికి డాక్టర్ భీమ్‌రావ్ అంబేడ్కర్ పేరే పెట్టారు. జనం ‘మేకాహారా’ అంటారు. ఆయన పేరున్న ఆస్పత్రి నుంచే ఈ ప్రశ్న మొదలైతే అంతకంటే తగిన చోటు లేదు. అక్కడ మొదలైనా, గాంధీలో మొదలైనా, విశాఖ కేజీహెచ్‌లో మొదలైనా ఆ ప్రశ్న తయారుచేయాల్సింది, పరీక్షించాల్సింది, వచ్చిన జవాబులను కులంవారీగా లెక్కగట్టాల్సింది ప్రజారోగ్యం, సామాజిక శాస్త్రం, న్యాయం చదువుతున్న మనమే. తొమ్మిది నెలల్లో కనీసం నాలుగుసార్లు ఆమె మన ఎదుట కూర్చుంటుంది. తలుపు వేసి, ఆమెను వట్టి మనిషిగానే చూసి, ‘అమ్మా, ఇంట్లో నిన్నెవరైనా కొడుతున్నారా?’ అని ఒక్కసారి అడగాలి. ఆమె జవాబిచ్చేదాకా ఓపిగ్గా కూర్చోవాలి.